మెడ మీద రెండు వేళ్లు

"నీళ్లియ్యకు," అన్నాడు నరసింహ, భార్య వైపు చూడకుండానే.

మల్లీశ్వరి అప్పటికే కుండలో చెంబు ముంచింది. ముంచిన చెంబును కుండ మూత మీద పెట్టి అక్కడే నిలబడిపోయింది. ఆ ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్లు, తర్వాతే మాట. ధర విరగ్గొట్టి గొర్లను తోలుకుపోయే బేరగాళ్లకు కూడా ఆ చెంబు ఎదురొచ్చేది. ఇవాళ సొంత మరిదికి రాలేదు.

మల్లన్న గడప బయట చెప్పులు విడిచి, రమ్మనేవాళ్లు లేకపోయినా లోపలికొచ్చి, గోడవార ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నందికొండ నుంచి ఎండలో బండి మీద వచ్చినవాడు. మొహాన దుమ్ము అలాగే ఉంది.

"అన్నా, ఒక్క మాట చెప్పి పోత."

"మాట ఆదివారమే చెప్పినవు గద. రెండు చేతులు అడ్డం పెట్టి చెప్పినవు. అందరు చూసిండ్రు."

ఆ చేతుల సంగతే రెండు రోజులుగా ఆ ఇంట్లో నలుగుతోంది. హైదరాబాద్ అవతల ఒక మైదానంలో ఆదివారం పిల్లల కుక్కల పోటీ జరిగింది. కుక్క అడ్డకర్రలు దూకాలి, టన్నెల్‌లో దూరి అవతల తేలాలి, సీసా అనే తూగుడు బల్ల ఎక్కి దిగాలి, వరసగా పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పోవాలి. పక్కన పిల్ల పరిగెత్తుతూ చేతి సైగతో, నోటి మాటతో దారి చూపాలి. గెలిచిన ఒక్కరు బ్యాంకాక్‌లో జరిగే అంతర్జాతీయ జూనియర్ల పోటీకి వెళ్తారు. నరసింహ కూతురు శ్రీవాణి, ఇంటర్ చదివే పిల్ల, మందకాపలా కుక్క బుగ్గితో అందరికంటే ముందుంది. ఇంకాస్తలో అయిపోతుందనగా జడ్జి ఈల ఊది రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు. అంటే పోటీలోంచి తీసేసినట్టు. పరుగు మొదలయ్యాక పిల్ల కుక్కను చేత్తో తాకిందట. ఈల మోగినా బుగ్గి ఆగలేదు, మిగతా పరుగు కూడా పూర్తి చేసి అందరికంటే తక్కువ సమయంలో గీత దాటింది.

ఆ జడ్జి ఈ మల్లన్నే. కన్నతండ్రికి తమ్ముడు. బుగ్గికి అడ్డకర్ర దూకడం నేర్పినవాడూ, పోటీ సంగతి ఇంట్లోకి మోసుకొచ్చినవాడూ అతనే.

కొట్టంలో గొర్లు అరుస్తున్నాయి. నరసింహ రెండు రోజులుగా మందను బయటికి తోలలేదు. అలిగినవాడు అన్నం మానేస్తాడు, నరసింహ మాత్రం తన అలకకు గొర్లను పస్తు పెట్టాడు. ఇంత కొమ్మ మేత విరిచి పడేస్తే అవి కడుపు నింపుకుంటాయా? ఎన్నడూ తాడు ఎరగని బుగ్గిని కూడా కొట్టం గుంజకు కట్టేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

"కంచె చేను మేస్తదంటే ఇన్న. ఇప్పుడు కండ్లార చూస్తున్న," అన్నాడు నరసింహ.

"పోటీకి ముందే వాళ్లకు చెప్పిన అన్నా. ఆ పిల్ల మా అన్న బిడ్డ, నన్ను పక్కకు పెట్టుండ్రి అని. రావాల్సిన జడ్జి రాలేదు, నువ్వే చెయ్యాలె అన్నరు."

"చెయ్యమన్నరు, చేసినవు. మంచిగ చేసినవు. ఇగ లేసి పో."

మల్లన్న లేవలేదు. శ్రీవాణి లోపలి గది తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. అతను ఆమె వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. ఆదివారం నుంచి ఆ పిల్ల ఈ సంగతి మీద అవునని గానీ కాదని గానీ నోరు విప్పలేదు. ఏడుపులో ఉందని తల్లి అనుకుంది. అవమానంలో ఉందని తండ్రి అనుకున్నాడు. అనుకోవడానికి ఎవరికి వీలైనది వాళ్లు అనుకున్నారు. పిల్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

"ఏదీ, ఆ ఫోన్ తే," అన్నాడు నరసింహ.

మల్లీశ్వరి కొంగుకు తుడిచి ఫోన్ ఇచ్చింది. ఆ ఫోన్ ఒకసారి గొర్ల నీళ్ల తొట్టిలో పడింది. అప్పట్నుంచి చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, ఎవరు మాట్లాడినా ఇల్లంతా వినేలా గట్టిగానే మోగుతుంది. అందుకే ఆమె అన్నదమ్ములు కూడా ఆ ఫోన్‌కు చేసి ఇంటి గుట్టు మాట్లాడరు.

నరసింహ పోటీ వీడియో పెట్టి తమ్ముడి మొహం ముందు పట్టాడు. మైదానం గోల, మైకు మాటలు, బుగ్గీ బుగ్గీ అన్న శ్రీవాణి కేక గదిలో నిండాయి.

"చూడు. ఏడున్నది చెయ్యి? నాకు చూపియ్యి."

"అది ఎనక నుంచి తీసింది అన్నా. దాంట్ల శ్రీవాణి వీపే కనపడ్తది. నేను ముందట నిలబడ్డ."

"ముందట నిలబడి ఎనక నుంచి పొడిసినవు."

మల్లీశ్వరి మెల్లగా కలగజేసుకుంది. ఆమెకు అరవడం చేతకాదు. ఆమె మాటలు మెత్తగానే వచ్చి లోపల దిగుతాయి.

"పోనీ తప్పే చేసిందనుకుందాం మల్లన్నా. పిల్ల ఏడాది నుంచి నిద్రల గూడ ఆ కుక్క పేరే కలవరిస్తుండె. నువ్వు జర కండ్లు మూసుకుంటే నీ సొమ్మేం పోతుండె?"

"అది నా సొమ్ము కాదు వదినె."

"మరెవరిది? జాషువాదా?"

పేరు రానే వచ్చింది. రెండు రోజులుగా ఈ మాట ఆ ఇంట్లో తిరుగుతోంది, బయటపడటానికి మనిషి కోసం కాచుకుని ఉంది. జాషువా సాగర్ కాలువ మీద లష్కర్, తూములు ఎత్తే పని. అతని కూతురు గ్రేస్ ఆ పోటీలో శ్రీవాణి తర్వాత నిలిచింది. శ్రీవాణిని తీసేస్తే బ్యాంకాక్ జాగా గ్రేస్‌దే. మల్లన్న పోలీసు జాగిలాల దళంలో ఉద్యోగం చేసి, మానేసి, నందికొండలో పాత క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో పిల్లలకు ఈ ఆట నేర్పుతున్నాడు. తన భార్య పోయాక జాషువా ఇంట్లోనే రెండు పూటలా తింటున్నాడు.

"చెప్పరాదు?" అన్నాడు నరసింహ. "వాళ్లింటి కూడు తిన్నవు, వాళ్ల బిడ్డకు జాగా ఇచ్చినవు. రేపు మనోళ్లల్ల తలెత్తుకొని ఎట్ల తిరగాలె నేను? కాలువ కాడ కూలి చేసుకునేటోళ్ల పిల్ల ఇమానం ఎక్కుతది, నా బిడ్డ గడప కాడ నిలబడి చూస్తదా?"

"బాపూ," అంది శ్రీవాణి.

"నువ్వు ఊకో."

"గ్రేస్‌ను అనకు బాపూ."

"నువ్వు ఊకోమన్ననా లేదా?"

ఆమె ఊరుకుంది. ఆదివారం తనను తీసేశారని తెలిసి గ్రేస్ సంతోషంతో గెంతలేదు, వచ్చి తన భుజం మీద పడి ఏడ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్తే నటన అంటారని శ్రీవాణి చెప్పలేదు. చెప్పకపోవడం ఆ రెండు రోజుల్లో ఆమెకు బాగానే అలవాటైంది.

మల్లన్న కుర్చీలో ముందుకు జరిగాడు. "అన్నా, నన్ను ఒక్కసారి చెప్పనియ్యి. నేను ఈడికి వచ్చిందే..."

"నేనే చెప్త, నువ్విను." నరసింహ అతనికి ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాడు. "బాపు సచ్చిపోయిన్నాడు నువ్వు ఆరో తరగతి, నేను ఎనిమిది. మంద ఎనక ఒకడు పోవాలె, బడికి ఒకడు పోవాలె. ఎవరు పోయిండ్రు మంద ఎనక?"

మల్లన్న మొహాన దుమ్ము తుడుచుకున్నాడు.

"చెప్పు. ఎవరు పోయిండ్రు?"

"నువ్వే."

"నేను కట్టె పట్టుకున్న, నువ్వు పుస్తకం పట్టుకున్నవు. వానల గొంగడి కప్పుకొని గుట్టల మీద పండుకున్న. నువ్వు ఖాకీ బట్టలు ఏసుకొని హైదరాబాద్ పోయినవు. ఎన్నడన్న అడిగిననా నిన్ను? ఇయ్యాల అడుగుతున్న. సాయంత్రం లోపల పేరు బ్యాంకాక్‌కు పోతదంట. జడ్జి మాట మీద ఇంకెవరికి మాట లేదంట. జడ్జే నేను తప్పు చూసిన అంటే తప్ప మారదంట. ఆ ఒక్క మాట అనుటానికి నీకు నోరు రాదా?"

తిన్నింటి వాసాలు లెక్కబెట్టేవాళ్లు ఇట్లనే ఉంటరు అని మల్లీశ్వరి ఎవరికీ కాకుండా గోడకు చెప్పింది.

మల్లన్న మొహం మాడిపోయింది. అతను ఆ ఇంటి వాసాలు ఎన్నడూ లెక్కబెట్టలేదు. చిన్నప్పుడు అన్నతో కలిసి ఆ వాసాలకు తాళ్లు కట్టి ఊగినవాడు. అయినా ఇప్పుడు ఏ మాట చెప్పినా ఎదురు తిరిగేలా ఉందని ఊరుకున్నాడు. మాట చెప్పడానికి వచ్చి మాటలు పడటం అతనికి కొత్త కాదు, పెద్ద అన్న ఉన్న ప్రతి తమ్ముడికీ ఉన్నదే.

అప్పటిదాకా మూల మంచంలో కూర్చుని గొంగడి చిరుగు కుట్టుకుంటున్న బక్కమ్మ తల ఎత్తింది. ఇద్దరు కొడుకుల తల్లి. చెవులు కొంచెం మందం, బుద్ధి మాత్రం కాదు. రెండు రోజులుగా ఇంట్లో రూల్ అని, జడ్జి అని, సెలెక్షన్ అని అరుచుకుంటున్నారు తప్ప ముసలామెకు విడమరిచి చెప్పినవాళ్లు లేరు.

"నర్సిమ్మా, అసలు పోరి ఏం తప్పు చేసిందంటర్రా?"

"ఏం చెయ్యలేదమ్మా. కుక్కను ముట్టుకున్నదంటుండు వీడు."

"ముట్టుకుంటే?"

"ముట్టుకుంటే తప్పంట. తీసేసిండు."

బక్కమ్మ సూదిని గొంగడిలో గుచ్చి పక్కన పెట్టింది. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

"ముట్టుకోకుండ ఎట్ల పంపుతదిరా?"

కొట్టంలో ఒక గొర్రెపిల్ల తల్లి కోసం అరిచి ఆగింది.

"బెదిరిన కుక్కను ఉత్తగ పో అంటే పోతదా?" బక్కమ్మ తన ధోరణిలో తను చెప్పుకుపోయింది. "మెడ మీద రెండు ఏళ్లు పెట్టాలె. నీ ఎనక నేనున్న, పో అని. కృష్ణ ఒడ్డున మందను దాటించేటప్పుడు మీ బాపు అట్లనే పంపుతుండె. మల్లన్నా, నీకు గూడ నేనే చెప్పిన గదరా. పోరికి గూడ చెప్పిన. ముట్టకుండ పంపితే దాని ఉసురు తగుల్తది."

"అమ్మా, నువ్వు ఊకో," అన్నాడు నరసింహ. గొంతులో బలం తగ్గింది.

"నేనేమన్నరా ఇప్పుడు?"

ఆమె ఏమీ అనలేదు. తనకు తెలిసిన పద్ధతి చెప్పింది, అంతే. మందలు మేపే ఇళ్లలో అది అందరికీ తెలిసిందే. నీళ్లలోకైనా, చీకటి పొదలోకైనా, కుక్క భయపడే చోటికి పంపేముందు మెడ వెనక రెండు వేళ్లు ఆనించి పంపుతారు. దానికి పేరు కూడా లేదు. అన్నం తినేముందు చెయ్యి కడుక్కోవడానికి పేరుంటుందా? నరసింహ కూడా ఆ పని ఎన్నిసార్లు చేశాడో. కానీ మైదానంలో జరిగిన దాన్నీ మందలో జరిగే దాన్నీ అతను ఇప్పటిదాకా ఒక్కచోట పెట్టి చూడలేదు. ఇప్పుడు చూశాడు, చూడనట్టు ఉండటానికి గోడ గడియారం వైపు తిరిగాడు.

మల్లన్న లేచి లోపలి గది తలుపు దగ్గరికి వెళ్లాడు.

"శ్రీవాణీ, ఒక్కటే అడుగుత. దానికి నువ్వు ఏం చెప్పినా ఇప్పుడు ఏం మారదు. ముట్టుకున్నవా?"

"దాన్ని అడిగేదేంది?" అన్నాడు నరసింహ లేస్తూ. "ముట్టుకోలే. చెప్పు బిడ్డా, ముట్టుకోలే అని చెప్పు."

శ్రీవాణి తండ్రి వైపు చూసింది, అవ్వ వైపు చూసింది. అవ్వ మొహంలో ఏ బెదురూ లేదు. తప్పు లేని పనికి ఇంత గొడవేమిటన్నట్టు చూస్తోంది.

"ముట్టుకున్న కాకా."

"ఏడ?"

"మెడ మీద. రెండు ఏళ్లు."

"సీసా దిగినంకనా?"

"దిగక ముందే. మైకు గట్టిగ మోగింది. అది బల్ల మీద వణుకుతుండె. నువ్వు ఏడాది నుంచి చెప్తున్నవు, ముట్టొద్దు ముట్టొద్దు అని. నాకు యాదున్నది కాకా. చెయ్యి యాదుంచుకోలే."

మల్లన్న రెండు చేతులతో కళ్లు రుద్దుకున్నాడు.

"అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయి," అన్నాడు.

మల్లీశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నరసింహ ఒక్క క్షణం తగ్గాడు. తగ్గి ఉండిపోయే రకం అయితే ఈ కథ ఇంతదూరం వచ్చేది కాదు.

"ముట్టుకుంటే ముట్టుకున్నది," అన్నాడు. "నువ్వు తప్ప ఇంకెవడు చూసిండు?"

"ఎవ్వడు చూడలే."

"మరి?"

"ఇంకో జడ్జి అయితే వానికి కనపడకపోతుండె. బుగ్గి తలకాయ అడ్డమున్నది, చెయ్యి ఇట్ల పోయి అట్ల వచ్చింది. కాని పిల్ల జర వంగంగనే నాకు తెలిసిపోయింది అన్నా, చెయ్యి యాడికి పోతదో. ఎందుకంటే నా చెయ్యి గూడ ఆడికే పోతది. జాగిలాల దళంల ఉన్నప్పుడు దీనికే ఎన్నిసార్లు తిట్లు తిన్ననో నీకు తెల్వదు."

"తెలిసి గూడ ఊదినవు."

"తెలిసి గూడ ఊదిన. ఊదినంక రెండు దినాలు కూడు తినలే."

"నీ కూడు ఎవనికి కావాలె? ఫోన్ చెయ్యి. ఇప్పుడే, నా ముందట చెయ్యి."

"చేసిన."

నరసింహకు అర్థం కాలేదు. "ఏందీ?"

"పొద్దుగాల్నే చేసిన. ఎండ కండ్లల్ల కొట్టింది, ఈ నడుమ నాకు చూపు ఆనుతలేదు, ఆ పిల్ల ముట్టుకున్నట్టు ఉత్తగనే అనుకున్న, నాదే తప్పు అని చెప్పిన. వాళ్లు ఇంకో మాట అడగలే. శ్రీవాణి పేరే పంపుతున్నరు." అతను తలుపు రెక్కకు ఆనుకున్నాడు. "అదే చెప్పిపోదామని వచ్చిన. మీరు నన్ను చెప్పనియ్యలే."

మొదట కదిలింది నరసింహే. అతని మొహం మీద నవ్వు వచ్చింది, ఆదివారం నుంచి లేని నవ్వు. చూడటానికి అంత బాగాలేదు.

"ముందే చెప్పొద్దార ఆ మాట? మస్తు సతాయించినవు." తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎంతైనా రక్తం రక్తమే. ఏందే చూస్తున్నవు, నీళ్లియ్యి వానికి. ఎండలవడి వచ్చిండు. కోడిని కొయ్యాలె ఇయ్యాల."

మల్లీశ్వరి చెంబు తీసింది.

"ఇగ నాకు ఈల ఇయ్యరు," అన్నాడు మల్లన్న, అన్న చెయ్యి భుజం మీంచి తీసి పక్కకు పెడుతూ. "చూపు ఆనని జడ్జి ఏం జడ్జి? పిల్లలను పంపేటోళ్లు గూడ ఆలోచిస్తరు. సరే పోనీ. నా కోసం నువ్వు బడి ఇడిసినవు. ఇయ్యాల నీ కోసం నేను ఈల ఇడిసిన. ఇగ ఆ మాట నా ముందట ఎత్తకు. మంద అని, కట్టె అని, గొంగడి అని ఎన్నడు ఎత్తకు."

"అట్లెందుకు మాట్లాడ్తవురా?"

"ఎట్ల మాట్లాడాలె?"

నరసింహ చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"మరి నన్నెందుకు అడిగినవు కాకా?" అంది శ్రీవాణి. "పేరు పంపినంక, ముట్టుకున్నవా అని ఎందుకు అడిగినవు?"

"కండ్లు పోయినయని ఫోన్ల చెప్పిన గద బిడ్డా. చెప్పినంక నాకే అనుమానమొచ్చింది, నిజంగ పోయినయేమో అని. ఉత్తపుణ్యానికి నిన్ను తీసేసిననేమో అని. ఆ ఒక్కటి తెలిస్తే చాలనుకున్న."

"గ్రేస్‌కు చెప్పిండ్రా?"

"ఈపాటికి చెప్పుంటరు."

"నేను పోను."

"పోతవు," అన్నాడు నరసింహ. "నోరు మూసుకొని పోతవు. ముట్టుకున్న అన్న మాట ఈ నాలుగు గోడల మధ్యనే సావాలె. అమ్మా, నీకే చెప్తున్న. ఎవరన్న అడిగితే రెండు ఏళ్లు, మెడ, గిసుంటి ముచ్చట్లు చెప్పకు."

"చెప్తే ఏమైతదిరా?" అంది బక్కమ్మ. ఆమె గొంగడి వైపు చూసింది గానీ సూది తియ్యలేదు. తను ఎన్నడో నేర్పిన ఒక మంచి అలవాటు ఇంతమందిని ఇలా నిలబెట్టిందని మెల్లగా తలకెక్కుతోంది. ఒడిలో ఉన్న తన చేతుల వైపు చాలాసేపు చూసుకుంది.

శ్రీవాణి మల్లన్న ముందుకొచ్చి నిలబడింది. "కాకా, నేను ఫోన్ చేసి నిజం చెప్పేస్త."

"చెప్పు. నేనేం అనను." అతను అలసటగా నవ్వాడు. "నువ్వు చెప్తే నేను అబద్ధమాడినోన్నయిత. అన్న బిడ్డ కోసం మాట మార్చిండు అంటరు. చెప్పకపోతే కండ్లు పోయినోన్నయిత. నాకు రెండు ఒక్కటే. నీ ఇష్టం."

అది పిల్ల మీద వేయకూడని బరువు. అది మల్లన్నకు తెలియకా కాదు. కానీ ఆ పూట ఆ ఇంట్లో పెద్దవాళ్లందరూ తమ తమ బరువులు దించుకునే తొందరలో ఉన్నారు, దించడానికి ఆ పిల్ల నెత్తి ఒక్కటే దొరికింది. చేతకాని పెద్దలకు పిల్లలే కూలీలు.

మల్లీశ్వరి చెంబు అందించింది. ఇంతసేపూ కుండ మూత మీద ఉన్న నీళ్లే అవి. "తాగు మల్లన్నా," అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "ఏదో అన్న. మనసుల పెట్టుకోకు."

మల్లన్న రెండు చేతులా చెంబు అందుకున్నాడు. తాగుతాడని అందరూ చూశారు. అతను చెంబు పట్టుకుని గడప దాటి, చెప్పులు వేసుకుని, కొట్టం గుంజ దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఎండలో తిరగబడి ఉన్న బుగ్గి చిప్పను సరిచేసి, నీళ్లన్నీ అందులో పోశాడు. బుగ్గి ఆత్రంగా తాగింది. అతను దాని పక్కన కూర్చుని తాడు ముడి విప్పాడు. విప్పేటప్పుడు అతని చెయ్యి దాని మెడ మీద పడింది, రెండు వేళ్లు. పడిందని చూసుకుని తీసేశాడు.

ఖాళీ చెంబును అరుగు మీద బోర్లించి బండి దగ్గరికి నడిచాడు.

"వాడు తాగలే," అంది మల్లీశ్వరి.

"రెండు దినాలైతే వాడే వస్తడు," అన్నాడు నరసింహ. మాట గట్టిగానే అన్నాడు గానీ గుమ్మం వైపు నడవలేదు. తమ్ముడు ఆ ఇంట్లో నీళ్లు ముట్టకుండా వెళ్లడం అదే మొదటిసారి.

అప్పుడే నరసింహ గచ్చు మీద వదిలేసిన ఫోన్ మోగింది, మల్లీశ్వరి చేతిలోకి తీసుకుంది. తెర మీద గ్రేస్ ఫోటో. నిరుడు నందికొండ డ్యామ్ దగ్గర శ్రీవాణే తీసింది, రెండు కుక్కల మధ్య కూర్చుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ ఉంటుంది.

"ఎత్తకు," అన్నాడు నరసింహ.

శ్రీవాణి తల్లి చేతిలోంచి ఫోన్ లాక్కుని ఎత్తింది. గ్రేస్ గొంతు ఇల్లంతా వినపడింది.

"శ్రీవాణీ, నీకే వచ్చిందంట గద. ఇప్పుడే చెప్పిండ్రు." ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. "నేనేం ఏడుస్తలే. జర ఏడ్చిన, అయిపోయింది. నువ్వే గెలిచినవు ఆ దినం, నాకు తెలుసు. బుగ్గి ఎంత మంచిగ ఉరికింది."

శ్రీవాణి గుమ్మంలోంచి కాక బండి వైపు చూసింది.

"ఉన్నవా? ఇగో, నేను దానికి చెయ్యలే. సార్ పొద్దుగాల కెల్లి ఫోన్ ఎత్తుతలేడు. సార్ కండ్లకు ఏమైంది? చూపు ఆనుతలేదని చెప్పిండంట వాళ్లకు. మాకు ఒక్కమాట గూడ చెప్పలే. మా నాయిన మస్తు ఫికర్ చేస్తుండు. దినాం మా ఇంట్లనే తింటడు, మనమెట్ల చూసుకోలే అని. రేపు డ్యూటీకి సెలవు పెట్టి నల్గొండ కండ్ల దవాఖానకు తోల్కపోత అంటుండు. సార్ మీ దిక్కు వచ్చిండా?"

మల్లీశ్వరి గోడ పట్టుకుని కింద కూర్చుంది. మరెవరిది, జాషువాదా అని కాసేపటి కింద ఆమె నోటితో ఆమే అన్నది. ఇప్పుడు ఆ ఇంటివాళ్లు ఆ మనిషి కళ్ల కోసం సెలవు పెడుతున్నారు.

"చెప్పు శ్రీవాణీ. నాకు భయమైతాంది. సార్‌కు నిజంగ కనపడ్తలేదా?"

నరసింహ కూతురి వైపు చూసి తల ఊపాడు. అవునని చెప్పు, అని. ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు ఊపాడు. బతిమాలినట్టు కూడా ఉంది అది. వాకిట్లో మల్లన్న బండి మీద కూర్చుని తాళం చెవి తిప్పబోతూ, తలుపులోంచి వస్తున్న ఆ గొంతు విని ఆగిపోయాడు.

"కనపడ్తది గ్రేస్," అంది శ్రీవాణి. "మా కాకకు మంచిగనే కనపడ్తది."

ఫోన్‌లో దూరంగా కాలువ నీళ్ల హోరు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక. తాడు విప్పిన బుగ్గి లోపలికి వచ్చి శ్రీవాణి కాళ్ల దగ్గర నిలబడి, ఫోన్‌లోంచి వస్తున్న తెలిసిన గొంతుకు చెవులు రిక్కించింది.

"అట్లయితే," అంది గ్రేస్ మెల్లగా, "నువ్వు నిజంగనే ముట్టుకున్నవా?"

నరసింహ చెయ్యి చాపి, ఫోన్ ఇటియ్యి అన్నట్టు వేళ్లు కదిపాడు. శ్రీవాణి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె రెండో చెయ్యి కిందికి వెళ్లి బుగ్గి మెడ మీద ఆనింది.